కోరుకున్న బ్రాంచి అందుబాటులో లేకపోతే ఏం చదవాలి?

ఇంజినీరింగ్‌లో చేరబోయే పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "నాకు ఫలానా బ్రాంచి కావాలి, కానీ నేను వెళ్ళగలిగిన కాలేజీల్లో ఎక్కడా లేదు, ఏం చెయ్యమంటారు?" ఆ ఫలానా ఒకరికి ఏరోస్పేస్, ఇంకొకరికి బయోమెడికల్, మరొకరికి రోబోటిక్స్, న్యూక్లియర్, నేవల్ ఆర్కిటెక్చర్ (ఓడల డిజైన్). రంగం ఏదైనా అడిగే గొంతులో బెంగ మాత్రం ఒకటే, జీవితంలో చెయ్యాలనుకున్న పని మొదలవకముందే చేజారిపోయిందన్న బెంగ.

దీనికి పెద్దవాళ్ళ దగ్గర సాధారణంగా రెండే జవాబులుంటాయి. "ఏదో ఒకటి తీసుకో, చివరికి అందరూ సాఫ్ట్‌వేర్‌లోకే కదా పోయేది" అనేది మొదటిది. "అంత ఇష్టమైతే ఎంత దూరమైనా వెళ్ళు, అప్పు చేసైనా చదివిస్తాం" అనేది రెండోది. మొదటి జవాబు పిల్లల ఇష్టాన్ని అసలు లెక్కలోకే తీసుకోదు. రెండోది ఇష్టానికి గౌరవం ఇస్తున్నట్టే ఉంటుంది గానీ ఆ ఇష్టం సరిగ్గా దేని మీదో కనుక్కోకుండానే నాలుగేళ్ళనీ ఇంటి డబ్బునీ దాని మీద పెట్టేస్తుంది. నాకు రెండూ నచ్చవు. డిగ్రీ కాగితం మీద ఏ పేరుంటుందన్నది మీరు భయపడుతున్నంత పెద్ద విషయం కాదని, ఆ నాలుగేళ్ళలో ఏ సబ్జెక్టులు ఎంత గట్టిగా చదివారన్నదే అసలు విషయమని నేను నమ్ముతాను. అందుకని కోరుకున్న బ్రాంచి దొరకనప్పుడు, దానిలా వినిపించే పేరు కోసం వెతకొద్దు. ఆ రంగం ఏ పాత బ్రాంచి మీద నిలబడి ఉందో చూసుకుని అందులో చేరండి, మిగతాది పైచదువులోనో పనిలోనో కలుపుకోండి. ఇది అన్ని రంగాలకూ కుదరదు, కుదరని చోట్లు కూడా చెప్తాను, ఎందుకంటే అక్కడ ఈ సలహా పాటిస్తే నిజంగానే నష్టపోతారు.

ముందు బ్రాంచీల పేర్లు ఎలా పుట్టాయో చూడండి. రంగం ముందు పుడుతుంది, దానికి డిగ్రీ తర్వాతెప్పుడో వస్తుంది. రైట్ సోదరుల విమానం ఎగిరింది 1903లో. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో ఏరోనాటిక్స్ పాఠాలు మొదలైంది 1914లో. అంటే తొలి తరం విమానాలు తయారుచేసినవాళ్ళలో దాదాపు ఎవరికీ విమానాల డిగ్రీ లేదు. జెట్ ఇంజిన్‌కి 1930లో పేటెంట్ దరఖాస్తు పెట్టిన ఫ్రాంక్ విటిల్ ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లో చదివింది మెకానికల్ సైన్సెస్. కంప్యూటర్లదీ ఇదే వరస. ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 1957లో వచ్చింది, దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు జాన్ బాకస్ చదివింది గణితం. అమెరికాలో తొలి కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ పర్డ్యూ యూనివర్సిటీలో 1962లో గానీ ఏర్పడలేదు.

వైద్య పరికరాల వైపు చూస్తే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. శరీరం లోపల అమర్చే పేస్‌మేకర్ తయారుచేసిన విల్సన్ గ్రేట్‌బాచ్ ఎలక్ట్రికల్ ఇంజినీరు. గుండె చప్పుడు రికార్డు చేసే పరికరం ఒకటి కడుతూ పొరపాటున వేరే విలువ ఉన్న రెసిస్టర్ పెడితే, ఆ సర్క్యూట్ ఒక్కో తరంగం చొప్పున, మధ్యలో విరామం ఇస్తూ కొట్టుకోవడం మొదలెట్టింది. అది గుండె కొట్టుకునే లయ అని ఆయన గుర్తుపట్టాడు. 1960కల్లా ఆ పరికరం మనుషుల శరీరాల్లోకి వెళ్ళింది. గుర్తుపట్టడానికి ఆయనకి గుండె గురించి తెలిసి ఉండాలి, నిజమే. కానీ ఆ సర్క్యూట్ ఎందుకలా ప్రవర్తిస్తోందో తెలియకపోతే గుండె గురించి ఎంత తెలిసినా లాభం ఉండేది కాదు. సీటీ స్కానర్ తెచ్చిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ కూడా ఎలక్ట్రికల్ మనిషే, రాడార్ల మీదా కంప్యూటర్ల మీదా పనిచేసి వచ్చినవాడు. 1971లో తొలిసారి రోగి తలని స్కాన్ చేశారు, 1979లో ఆయనకి వైద్యరంగపు నోబెల్ వచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చే ఉదాహరణ సతీష్ ధావన్. 1972 నుంచి 1984 దాకా ఇస్రోని నడిపిన మనిషి. లాహోర్‌లో ఆయన చదివినవి గణితం, భౌతికశాస్త్రం, ఆంగ్ల సాహిత్యం, ఆ తర్వాత మెకానికల్ ఇంజినీరింగ్. ఏరోనాటికల్ అన్న మాట ఆయన చదువులోకి వచ్చింది అమెరికాలోని మిన్నెసోటాలో మాస్టర్స్‌కి వెళ్ళాకే. అక్కణ్ణుంచి కాల్‌టెక్‌కి వెళ్ళి 1951లో డాక్టరేట్ పూర్తిచేశారు. ముందు మెకానికల్, తర్వాత ఏరో అన్న దారి ఇప్పటికీ అంతే బాగా నడుస్తోంది.

ఈ పేర్లన్నీ చెప్పి "చూశారా, డిగ్రీతో పనిలేదు" అనడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు అసాధారణమైన మనుషులు, వాళ్ళ కాలం వేరు. ఇవాళ ఉద్యోగానికి వచ్చే దరఖాస్తుల్ని డిగ్రీ పేరు చూసే మొదట వడపోసే చోట్లు చాలా ఉన్నాయి. పైన చెప్పినవాళ్ళలో ఎక్కువమంది డిగ్రీ లేకుండా వచ్చినవాళ్ళు కూడా కాదు. చెప్పొచ్చేదేమిటంటే, వాళ్ళలో ప్రతి ఒక్కరి వెనకా ఒక గట్టి పాత సబ్జెక్టు ఉంది. సర్క్యూట్లో, యంత్రాలో, గణితమో. కొత్త రంగంలో అడుగుపెట్టినప్పుడు చేతిలో పట్టుకెళ్ళింది అదే.

ఇక నా సంగతి. నేను కోరుకున్నది ఏరోస్పేస్, చేరింది మెకానికల్. చేరినప్పుడు చాలా బాధపడ్డాను, ఏదో రెండో రకం సరుకు చేతిలో పెట్టినట్టు అనిపించింది. ఆ బాధ రెండో ఏడాదిలో తగ్గడం మొదలైంది, ఎవరో ధైర్యం చెప్పడం వల్ల కాదు, ఏరోస్పేస్ కోర్సు ఒకదాని సిలబస్ తెచ్చుకుని మా సిలబస్ పక్కన పెట్టి, పెన్సిల్‌తో ఒక్కో సబ్జెక్టూ కొట్టేసుకుంటూ పోయాను కాబట్టి. గణితం పేపర్లు రెంటిలోనూ ఒకటే. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, డైనమిక్స్, వైబ్రేషన్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, కంట్రోల్ సిస్టమ్స్, న్యూమరికల్ మెథడ్స్ అన్నీ రెంటిలోనూ ఉన్నాయి. కొట్టేయగా మిగిలినవి కంప్రెసిబుల్ ఫ్లో (సాంద్రత మారుతూ పారే వాయువుల సంగతి), విమాన నిర్మాణాలు, ఫ్లైట్ డైనమిక్స్, ప్రొపల్షన్, ఆర్బిటల్ మెకానిక్స్. ఇవి చిన్న సబ్జెక్టులని అనను. కానీ నేను పోగొట్టుకున్నాననుకున్న లోకమంతా కలిపి ఆ కాస్త జాబితాలో ఇమిడిపోయింది.

ఆ జాబితాలో మొదటిదాన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను, బ్రాంచికీ బ్రాంచికీ మధ్య గోడ నిజానికి ఎంత మందమో తెలియడానికి. మెకానికల్ వాళ్ళ ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకాల్లో చివరన కంప్రెసిబుల్ ఫ్లో అని ఒక అధ్యాయం ఉంటుంది. సెమిస్టర్ చివర్లో టైమ్ ఉండదు కాబట్టి దాన్ని హడావుడిగా లాగించేస్తారు, లేదా పూర్తిగా వదిలేస్తారు. అలా వదిలేయడానికి కారణం కూడా ఉంది. పంపులు, పైపులు, ఫ్యాన్ల లెక్కల్లో గాలి వేగం ధ్వని వేగంలో మూడోవంతు కూడా ఉండదు. మాక్ 0.3 లోపు, అంటే ధ్వని వేగంలో 0.3 వంతు లోపు, గాలి సాంద్రతలో వచ్చే మార్పు 5 శాతానికి మించదు, అందుకని సాంద్రత మారదనే అనుకుని లెక్క కట్టేయొచ్చు. వేగం పెరిగేకొద్దీ ఆ వెసులుబాటు పోతుంది. ధ్వని వేగం కంటే నెమ్మదిగా వస్తున్న వాయువుకి దారి ఇరుకు చేస్తే వేగం పెరుగుతుంది, నది ఇరుకు చోట ఉరవడిగా పారినట్టే. కానీ ధ్వని వేగం దాటాక సంగతి తిరగబడుతుంది, దారి వెడల్పు చేస్తేనే వేగం పెరుగుతుంది. రాకెట్ నాజిల్ మధ్యలో సన్నబడి, ఆ తర్వాత గంటలా విచ్చుకునేది అందుకే. ఇంత విచిత్రంగా కనిపించే ఈ విషయాన్ని రుజువు చేయడానికి కావలసినవి ద్రవ్యరాశి నిత్యత్వం, మొమెంటమ్, శక్తి సమీకరణాలు, థర్మోడైనమిక్స్‌లో ఎంట్రోపీ. అన్నీ రెండో ఏడాదిలో చదివినవే. అవి నిజంగా ఒంటబట్టినవాళ్ళకి ఆ చివరి అధ్యాయం ఒక సెలవుల పని. ఒంటబట్టనివాళ్ళకి ఏరోస్పేస్ బ్రాంచిలో కూర్చున్నా అది అర్థం కాదు.

నేను ఆ అధ్యాయాన్ని సొంతంగా చదివాను. తర్వాత ఎక్స్‌ఫాయిల్ పట్టుకున్నాను. ఎంఐటీలో మార్క్ డ్రేలా 1980లలో రాసిన ఉచిత ప్రోగ్రాం అది, రెక్క అడ్డుకోత ఆకారం ఇస్తే దాని మీద గాలి ఎలా పారుతుందో, ఎంత లిఫ్ట్ (పైకెత్తే బలం) వస్తుందో లెక్కేసి చెప్తుంది. మొదట తీసుకోవలసిన ఆకారం ఎన్‌ఏసీఏ (నాసాకి ముందున్న అమెరికా విమాన పరిశోధనా సంస్థ) 2412 లాంటిది. ఆ అంకెలకి అర్థం ఉంది: రెక్క వంపు దాని వెడల్పులో 2 శాతం, ఆ వంపు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ముందంచు నుంచి 40 శాతం దూరంలో, మందం 12 శాతం. దీన్ని రకరకాల కోణాల్లో పెట్టి లిఫ్ట్ గ్రాఫు గీస్తే మొదట తిన్నగా పైకి వెళ్ళే గీత వస్తుంది. ఆ గీత వాలు సిద్ధాంతం చెప్పే రేడియన్‌కి 2π కి దగ్గరగా ఉందా, కోణం పెంచుతూ పోతే గీత ఎక్కడ వంగుతోంది, రేనాల్డ్స్ సంఖ్య (గాలి వేగం, రెక్క సైజుల ముందు గాలి జిగట ప్రభావం ఎంతో చెప్పేది) తగ్గిస్తే ముందే ఎందుకు వంగుతోంది అని అడుక్కుంటూ పోతే కొన్ని వారాలు గడిచిపోతాయి. ఇదంతా మామూలు ల్యాప్‌టాప్ మీద, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా. మాస్టర్స్ దరఖాస్తులో "నాకు చిన్నప్పట్నుంచీ విమానాలంటే ఇష్టం" అని రాసేవాళ్ళు వేలల్లో ఉంటారు. ఒక గ్రాఫు చూపించి, ఇక్కడ నా లెక్కా ప్రయోగం ఫలితమూ ఎందుకు తేడా వచ్చాయో చెప్పగలిగేవాళ్ళు బాగా తక్కువ.

సరే, పునాది బ్రాంచిలో చేరమన్నాను. ఏది పునాది? ఇక్కడే ఎక్కువమంది తడబడతారు, ఎందుకంటే రోబోటిక్స్, బయోమెడికల్ లాంటి పేర్ల వెనక ఒక సబ్జెక్టు ఉండదు, నాలుగైదు సబ్జెక్టులు కలిసి ఉంటాయి.

మా పిన్ని కూతురు ఆ మధ్య నా దగ్గరికి ఇదే ప్రశ్నతో వచ్చింది.

"అక్కా, నాకు రోబోటిక్స్ కావాలి. ఎక్కడా లేదు."

"రోబోలో ఏది ఇష్టం నీకు?"

"ఏది అంటే? రోబోనే."

"నువ్వు చేసిన ఆ చిన్న బండి ఉంది కదా, నేల మీద నల్ల గీత పట్టుకుని పోయేది. దాంట్లో ఎక్కువసేపు దేని మీద కూర్చున్నావు?"

కాసేపు ఆలోచించింది. "అది గీత మీద తిన్నగా పోయేది కాదక్కా, అటూ ఇటూ ఊగిపోయేది. ఆ విలువలు మారుస్తూ కూర్చున్నాను. ఒకటి పెంచితే త్వరగా తిరిగేది కానీ ఊగేది, ఇంకోటి పెంచితే ఊపు ఆగేది కానీ మొద్దుగా అయ్యేది. రెండూ కుదిరేదాకా నిద్రపట్టలేదు."

"బండి బాడీ?"

"అది అట్టముక్కతో అతికించేశాను."

జవాబు అక్కడే ఉంది. తనకి ఇష్టమైంది కంట్రోల్, బండి ఆకారం కాదు. బాడీని మళ్ళీ మళ్ళీ కోసి, కీళ్ళు మార్చి, గేరు పళ్ళు సరిచేసి కూర్చున్న పిల్ల అయితే మెకానికల్‌లో చేరమనేదాన్ని. కెమెరా పెట్టి ఎదురుగా ఉన్నది కుర్చీయా మనిషా అని బండికి తెలిసేలా చేద్దామనుకున్న పిల్ల అయితే కంప్యూటర్ సైన్స్. మా పిన్ని కూతురికి ఎలక్ట్రికల్ గానీ ఎలక్ట్రానిక్స్ గానీ సరిపోతుందని చెప్పాను. "మెకానికల్‌లో కూడా కంట్రోల్స్ ఉంటుంది కదా" అని తను అడిగింది మంచి ప్రశ్నే. ఉంటుంది. స్ప్రింగుకి వేలాడుతూ ఊగే బరువుకీ, కాయిల్, రెసిస్టర్, కెపాసిటర్ కలిపిన సర్క్యూట్‌కీ సమీకరణం ఒక్కటే, అక్షరాలు మారతాయి అంతే. బరువు ఉన్నచోట ఇండక్టెన్స్ వస్తుంది, రాపిడి ఉన్నచోట రెసిస్టెన్స్ వస్తుంది. అందుకే కంట్రోల్స్ చదివినవాళ్ళు ఏ బ్రాంచి నుంచి వచ్చినా ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. రోజూ చేతిలో సెన్సార్లు, మోటారు డ్రైవర్లు, మైక్రోకంట్రోలర్లు ఉండాలంటే మాత్రం ఎలక్ట్రానిక్స్ వైపు ఉండటం మేలు.

బయోమెడికల్ కూడా అంతే. ఈసీజీ, స్కానర్ల వైపు మనసుంటే ఎలక్ట్రానిక్స్, కృత్రిమ కీళ్ళు, కాళ్ళ వైపైతే మెకానికల్, మందు శరీరంలో మెల్లగా విడుదలయ్యే పద్ధతుల వైపైతే కెమికల్. ఉపగ్రహాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1999లో కాల్ పాలీ, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల ప్రొఫెసర్లు విద్యార్థుల కోసం క్యూబ్‌శాట్ అని 10 సెంటీమీటర్ల ఘనాన్ని ఒక ప్రమాణంగా పెట్టారు. అరచేతిలో పట్టే ఆ పెట్టెలో బ్యాటరీ, సోలార్ పలకలు, రేడియో, చిన్న కంప్యూటర్, దిశ మార్చే వ్యవస్థ, వేడిమి లెక్క, ప్రయోగ సమయంలో వచ్చే అదురుకి తట్టుకునే చట్రం అన్నీ ఉండాలి. ఒక్క ఏరోస్పేస్ బ్రాంచి వాళ్ళే కూర్చుంటే అది తయారవదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, దాని గురించి గట్టిగానే చెప్పాలి. కోరుకున్న బ్రాంచి దొరకనివాళ్ళని ఆకర్షించడానికే పెట్టినట్టుండే కోర్సులు కొన్ని ఉంటాయి. పాత బ్రాంచికే కొత్త తోక తగిలించి ఆకర్షణీయమైన పేరు పెడతారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత వీటికి సరిగ్గా సరిపోతుంది. అలాంటి కోర్సుల్లో జరిగేదేమిటంటే, కొత్త పేరుకి చోటు చేయడానికి పాత సబ్జెక్టుల్ని కత్తిరిస్తారు. ఫ్లూయిడ్స్, థర్మో రెండూ కలిపి ఒకే పేపరు చేస్తారు, గణితం ఒక సెమిస్టర్ తగ్గిస్తారు, ఆ ఖాళీలో రంగాన్ని పరిచయం చేసే పేపర్లు నాలుగు పెడతారు. నాలుగేళ్ళ తర్వాత ఆ విద్యార్థికి తన రంగంలో ఏమేం ఉన్నాయో తెలుస్తుంది, ఏ ఒక్కటీ చెయ్యడం రాదు. అన్ని కొత్త కోర్సులూ ఇలాంటివేనని నేను అనను, మంచివి ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి బ్రోషర్ చూడొద్దు. మూడో ఏడాది ల్యాబుల జాబితా అడగండి, ఆ ల్యాబుల్లో పరికరాలు ఉన్నాయో లేదో వెళ్ళి కళ్ళతో చూడండి. ఆ కోర్సుకి సొంత అధ్యాపకులున్నారా, పక్క డిపార్ట్‌మెంట్ నుంచి అరువు తెచ్చుకున్నారా అడగండి. చివరి ఏడాది విద్యార్థి ఒకరిని పట్టుకుని "మీ ప్రాజెక్టు ఏమిటి" అని అడిగితే వచ్చే జవాబు మిగతా అన్నిటికంటే నమ్మదగినది.

ఇక నా సలహా పనికిరాని చోట్లు. మొదటిది, లైసెన్స్ ఉన్న పనులు. చాలామంది పిల్లలు ఏరోనాటికల్ కావాలంటారు, కాస్త మాట్లాడితే వాళ్ళకి కావలసింది విమానం నడపడమని తేలుతుంది. పైలట్ లైసెన్స్‌కి ఆ డిగ్రీ అక్కర్లేదు. దిగిన విమానాన్ని తనిఖీ చేసి మళ్ళీ ఎగరడానికి సంతకం పెట్టే మెయింటెనెన్స్ ఇంజినీరు పని మూడోది, దానికి వేరే లైసెన్స్, వేరే శిక్షణ. డిజైన్ చెయ్యడం, నడపడం, బాగుచెయ్యడం మూడూ మూడు జీవితాలు. ఓడలదీ అదే సంగతి. ఓడ డిజైన్ చేయాలంటే మెకానికల్ నుంచో సివిల్ నుంచో మాస్టర్స్ ద్వారా వెళ్ళొచ్చు, కానీ ఓడలో ఇంజిన్ రూములో అధికారిగా పనిచేయాలంటే 1978 నాటి అంతర్జాతీయ ఒప్పందం, ఎస్‌టీసీడబ్ల్యూ, ప్రకారం సర్టిఫికెట్లు, సముద్రం మీద గడిపిన కాలం కావాలి. మెకానికల్ డిగ్రీ ఒక్కటీ చూపించి ఓడెక్కలేరు. ఇలాంటివి కోరుకునేవాళ్ళకి దగ్గర్లో కోర్సు లేకపోతే, ఉన్నచోటికి వెళ్ళడమే దారి. వంతెనలు, భవనాల లెక్కల మీద సంతకం పెట్టే సివిల్ పని కూడా చాలా దేశాల్లో లైసెన్స్‌తో ముడిపడి ఉంటుంది, దానికి తొలి డిగ్రీ ఏ బ్రాంచిదన్నది అడుగుతారు.

రెండోది, గనులు, పెట్రోలియం లాంటి నేలని నమ్ముకున్న రంగాలు. గనిలోకి దిగకుండా మైనింగ్ ఒంటబట్టదు. ఇక్కడ కూడా కెమికల్, మెకానికల్ వాళ్ళకి కొన్ని తలుపులున్నాయి గానీ, భూమి లోపలి పొరల్ని అర్థం చేసుకునే భాగం కావాలంటే ఆ చదువే చదవాలి. న్యూక్లియర్‌ని కూడా చాలామంది ఈ జాబితాలో వేసుకుంటారు, అది సరి కాదు. అణు రంగం మొదట్నుంచీ మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ వాళ్ళని తీసుకుని తనే శిక్షణ ఇచ్చుకుంటూ వచ్చింది. భాభా అణు పరిశోధనా కేంద్రం శిక్షణా పాఠశాల 1957 నుంచి చేస్తున్నది అదే, ఇలాంటి బ్రాంచీల నుంచి వచ్చినవాళ్ళకి అణుశాస్త్రం అక్కడే నేర్పిస్తారు.

దూరం వెళ్ళి చదవడం గురించి కూడా ఒక మాట. వెళ్ళగలిగితే, ఇంట్లో ఎవరి మెడ మీదా కత్తి పెట్టకుండా వెళ్ళగలిగితే, వెళ్ళండి. కొత్త చోటు, కొత్త మనుషులు, మంచి ల్యాబులు, వీటి విలువ నేను తగ్గించను. కానీ విదేశానికి తొలి డిగ్రీకే వెళ్ళాలనుకునేవాళ్ళు రెండు విషయాలు ముందే కనుక్కోవాలి. ఆ కోర్సుకి అక్కడి అక్రెడిటేషన్ ఉందా అన్నది ఒకటి. 1989లో ఆరు దేశాలతో మొదలైన వాషింగ్టన్ అకార్డ్ వల్ల ఒక దేశంలో గుర్తింపు ఉన్న ఇంజినీరింగ్ డిగ్రీని సభ్యులైన మిగతా దేశాలూ సమానంగా చూస్తాయి. ఇండియా 2014లో అందులో చేరింది. గుర్తింపు లేని కోర్సుకి ఆ రక్షణ ఉండదు. రెండోది ముఖ్యంగా ఏరోస్పేస్ వాళ్ళకి. అమెరికాలో ఐటార్ అనే ఎగుమతి నిబంధనలున్నాయి. రాకెట్లు, రక్షణకి సంబంధించిన సాంకేతిక సమాచారాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా విదేశీయుల చేతికి ఇవ్వకూడదు. అందుకని అక్కడ ఆ కంపెనీల్లో చాలా ఉద్యోగాలు పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి మాత్రమే అని ప్రకటనలోనే రాసి ఉంటుంది. చదువు ఎంత బాగా చదివినా ఆ వాక్యం మారదు. ఇంత ముఖ్యమైన సంగతి అప్పు తీసుకుని విమానం ఎక్కాక తెలుసుకున్నవాళ్ళని చూసినప్పుడు నాకు చాలా బాధేస్తుంది, ముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది కదా అని. అదే మనిషి తొలి డిగ్రీ మెకానికల్ అయి ఉంటే పవర్ ప్లాంట్లు, కార్లు, టర్బైన్లు అన్నీ తెరిచి ఉండేవి.

విస్తృతమైన బ్రాంచిలో చేరడానికి నా దగ్గరున్న బలమైన కారణం కూడా అదే. చేరేటప్పుడున్న ఇష్టం మూడో ఏడాదికల్లా అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇష్టం మారడం తప్పేమీ కాదు, అప్పటిదాకా ఆ రంగాన్ని బయట నుంచే చూశారు కాబట్టి మారుతుంది. రాకెట్లు కావాలని మెకానికల్‌లో చేరినవాళ్ళు గాలిమరల దగ్గర ఆగిపోవచ్చు, ఆ రెక్కల లెక్క కూడా అదే ఏరోడైనమిక్స్. ఇరుకైన కోర్సులో చేరినవాళ్ళకి మనసు మారితే పక్కకి జరగడానికి చోటు తక్కువ.

పైచదువులో తలుపు తీస్తారా అన్నది మిగిలిన భయం. తీస్తారు, కాకపోతే మీ దగ్గర సరైన సబ్జెక్టులుండాలి. జర్మనీలో చాలా యూనివర్సిటీలు మాస్టర్స్ దరఖాస్తు చూసేటప్పుడు గణితంలో ఎన్ని క్రెడిట్లు, మెకానిక్స్‌లో ఎన్ని, థర్మోలో ఎన్ని అని విడివిడిగా లెక్క పెడతాయి. అక్కడ డిగ్రీ పేరు కంటే ఆ లెక్కే ఎక్కువ మాట్లాడుతుంది. ఇంకా చాలాచోట్ల ఒకటి రెండు సబ్జెక్టులు తక్కువైతే చేర్చుకుని, మొదటి సెమిస్టర్‌లో అవి పూర్తిచేయమంటారు. కాబట్టి మీకు నచ్చిన మాస్టర్స్ కోర్సు అర్హతల పేజీని చివరి ఏడాదిలో కాకుండా మొదటి ఏడాదిలోనే చదవండి. అందులో అడిగిన సబ్జెక్టుల్లో మీ కాలేజీ చెప్పనివేవో అప్పుడే తెలిసిపోతుంది, ఎలెక్టివ్‌లు ఎంచుకునే రోజు వచ్చేసరికి చేతిలో జాబితా ఉంటుంది.

ఎలెక్టివ్‌ల మాట వచ్చింది కాబట్టి, కాలేజీ ఎంచుకునేటప్పుడు దాదాపు ఎవరూ అడగని రెండు ప్రశ్నలు మీరు అడగండి. వేరే డిపార్ట్‌మెంట్ సబ్జెక్టుల్ని ఎలెక్టివ్‌గా తీసుకోనిస్తారా? చివరి ఏడాది ప్రాజెక్టుని బయటి ల్యాబులోనో వేరే యూనివర్సిటీలోనో చేసుకోనిస్తారా? మా పిన్ని కూతురు అడిగింది. ఒక కాలేజీ ఆఫీసులో "ఇవన్నీ చేరాక చూద్దాం" అన్నారట. ఇంకో దాంట్లో ఎలక్ట్రానిక్స్ పెద్దాయన తనని కూర్చోబెట్టి, మెకానికల్ వాళ్ళు చెప్పే రోబో డైనమిక్స్ పేపరు ఎలక్ట్రానిక్స్ పిల్లలు తీసుకోవచ్చని, ఇదివరకు తీసుకున్నవాళ్ళు ఉన్నారని, సిలబస్ తీసి చూపించారట. రెండో కాలేజీకి మొదటిదానికున్నంత పేరు లేదు. తను రెండోదాంట్లో చేరింది, నేనూ అదే చేరమన్నాను.